గాలికి కూలిన అడవి: తీసేసి నాటాలా, ఆగి చూడాలా?

హైదరాబాద్‌లో ఫారెస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. 2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వీచిన పెనుగాలికి వేల చెట్లు కొద్దిసేపట్లోనే నేలకొరిగాయి. అలాంటి చోట పడిన చెట్లను తొలగించి, నేలను చదును చేసి, కొత్తగా మొక్కలు నాటితే అడవి తొందరగా తిరిగివస్తుందా? లేక దాని మానాన దాన్ని వదిలేయడమే మంచిదా? దీన్నే పరిశోధనాంశంగా తీసుకుంటే ఏమేమి కొలవాలి? (చదువరులు పొరబడకుండా ఒక మాట: ఫారెస్ట్ కాలేజీ ఉన్న ములుగు సిద్దిపేట జిల్లాలోది, గాలి వీచిన ములుగు ఏటూరునాగారం వైపుది. ఈ రెండింటినీ కలగలిపి రాసిన ప్రాజెక్టు రిపోర్టును నేనే ఒకసారి దిద్దాను.)

ముప్పై ఏళ్లకు పైగా సిల్వికల్చర్ (అడవిని పెంచి పోషించే) పనిలోనే ఉండి, ఇప్పుడు దూలపల్లి దగ్గర స్థిరపడినవాడిగా నా సమాధానం సూటిగా ముందే చెబుతాను. మన ఆకురాల్చే అడవిలో గాలికి చెట్లు పడితే మొదటి రెండు వర్షాకాలాలు నేలను ముట్టుకోకూడదు. నిప్పును, పశువులను మాత్రం రానివ్వకూడదు. ఏది తీయాలి, ఎక్కడ నాటాలి అన్న నిర్ణయం రెండో వర్షాకాలం ముగిసి, నేల మీద ప్రాణంతో ఉన్నవాటిని లెక్కపెట్టిన తర్వాతే తీసుకోవాలి. గాలివాన రాగానే పడిన చెట్ల లెక్క అందరూ తీస్తారు; ఆ లెక్క పత్రికలకూ పై అధికారులకూ కావాలి కాబట్టి తప్పదు. రాబోయే అడవి ఎలా ఉండబోతుందన్నది మాత్రం మిగిలినవాటి లెక్కలో ఉంటుంది, దాన్ని తీసేవారు అరుదు. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి కింద చెబుతాను.

కారణం మన అడవి పుట్టుకలోనే ఉంది. తెలంగాణ ఎండు ఆకురాల్చే అడవుల్లోని చెట్లు చాలావరకు విత్తనం నుంచి నేరుగా పెరిగి పెద్దవైనవి కావు. ఏటా ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు, ఆపైన మేత, ఆపైన గొడ్డలి. వీటన్నిటికీ పైభాగం చచ్చిపోయి, వేరు మాత్రం లోపల బతికి, వానలకు మళ్లీ చిగురించి, మళ్లీ ఎండకు చచ్చి, ఇలా పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక ఒక సంవత్సరం ఆ వేరు తగినంత లావెక్కి, నిప్పుకు అందనంత ఎత్తుకు ఒక్క ఊపున కొమ్మను తోస్తుంది. పాత సిల్వికల్చర్ పాఠాల్లో సాల్, టేకు మొలకల గురించి ఇదే చెప్పేవారు. తునికి, బిల్లుడు వేళ్ల నుంచే పిలకలు వేస్తాయి. నల్లమద్ది, చెన్నంగి మోడు నుంచి చిగురిస్తాయి. టేకు కూడా మోడు నుంచి గట్టిగానే చిగురిస్తుంది, కాకపోతే చెట్టు ముదిరి లావయ్యే కొద్దీ మోడు నుంచి చిగురించే శక్తి తగ్గుతుంది. గుంపెన సంగతి సరేసరి, దాని కొమ్మ తడి నేలకు ఆనితే చాలు వేళ్లు పెడుతుంది. ఊళ్లలో కంచెకు పాతేది అందుకే.

దీన్ని కంటితో చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. గోదావరికి ఇవతల ఒక అటవీ రేంజ్‌లో, గాలి పడగొట్టిన చోట పది మీటర్లకు పది మీటర్ల చదరం తాడుతో కట్టి, ఆకుచెత్త తొలగిస్తుంటే జానెడు ఎత్తు తునికి మొక్కలు వరసగా కనిపించాయి. నాతో ఉన్న ట్రైనీ వాటిని విత్తనపు మొలకలుగా రాసేశాడు. ఒకదాన్ని పట్టుకుని లాగమన్నాను. రాలేదు. మట్టిని చేతివేళ్లతో గీరుకుంటూ పోతే నాలుగంగుళాల లోతున బొటనవేలంత లావు నల్లటి వేరు అడ్డంగా పోతూ కనిపించింది. దాని వెంటే రెండు మూడు గజాలు గీరితే మిగతా మొక్కలన్నీ ఆ ఒక్క వేరు మీదివే. అతను రాసిన పదకొండు మొలకలు నిజానికి ఒకే చెట్టు. ఆ వేరు వయసు ఎంతో చెప్పలేం గానీ, ఆ జానెడు మొక్క వయసు కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. ఇలాంటి నేల మీద ఒక్కసారి బుల్డోజర్ బ్లేడు నడిపితే పోయేది గడ్డీ చెత్తా మాత్రమే కాదు, నలభై యాభై ఏళ్లుగా దాచుకున్న మూలధనం అంతా పోతుంది.

అదే చోట వేళ్లతో సహా లేచి పడిపోయిన ఒక పెద్ద నల్లమద్దిని చూపించి, ఇది తీసేయొచ్చు కదా అని మాతో వచ్చిన కోయ పెద్దాయనను అడిగాను. ఆయన మట్టిగోడలా లేచిన వేళ్ల వెనక్కి వెళ్లి చూసి, "సచ్చిపోలే సారు, పండుకున్నది" అన్నాడు. నేలలో ఇంకా ఒక పక్క మూడు నాలుగు వేళ్లు తెగకుండా ఉన్నాయి. ఆ తర్వాతి వానాకాలానికి ఆ పడుకున్న మాను పొడవునా నిలువుగా పిలకలు లేచాయి. పుస్తకంలో ఆరు పేజీలు పట్టే సంగతిని ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు.

ఇక సిద్ధాంతం. గాలి, నిప్పు లాంటి అలజడి తర్వాత అడవి కట్టు ఎలా మారుతుందో చెప్పడానికి అందరూ వాడేది అటవీ శాస్త్రవేత్త చాడ్విక్ ఆలివర్ 1981లో ప్రతిపాదించిన నాలుగు దశల చట్రం. మొదట ఖాళీ అయిన చోట కొత్త చెట్లు మొలుస్తాయి. తర్వాత అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కొత్తవాటిని రానివ్వవు. ఆ తర్వాత పెద్ద చెట్ల కొమ్మలు కలిసి ఏర్పడిన పైకప్పు కొంత పలచబడి కింద మళ్లీ మొలకలు లేస్తాయి. చివరికి ముదురు చెట్లు ఒక్కొక్కటిగా పడుతూ అన్ని వయసుల అడవి ఏర్పడుతుంది. మీ థీసిస్ మొదటి అధ్యాయంలో దీన్ని రాయండి, రాయకపోతే ఎగ్జామినర్ అడుగుతారు. కానీ మన అడవికి దీన్ని యథాతథంగా అతికించకండి. ఇక్కడ రెండో దశ ఆ చిత్రంలో ఉన్నంత బిగుతుగా ఉండదు. ఏడాదిలో కొన్ని నెలలు ఆకు లేని అడవిలో నేలకు వెలుతురు అందుతూనే ఉంటుంది, ఏటా వచ్చే నిప్పు గడియారాన్ని కొంత వెనక్కి తిప్పుతూనే ఉంటుంది. మొదటి దశ కూడా చాలాచోట్ల సున్నా నుంచి మొదలు కాదు, నేలలో అప్పటికే ఉన్న వేళ్ల నుంచి మొదలవుతుంది. అందుకే నేను విద్యార్థులకు చెప్పేది, దశల పేర్ల కన్నా అలజడి తర్వాత ఏం మిగిలిందన్న ప్రశ్న పట్టుకొమ్మని.

ఈ ప్రశ్నకు ప్రపంచంలో నాకు తెలిసిన అతి చక్కటి ప్రయోగం అమెరికాలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో జరిగింది. 1938లో న్యూ ఇంగ్లండ్‌ను ఒక పెద్ద హరికేన్ తాకింది, పడిన కలపను భారీ ఎత్తున తీసేశారు. ఆ తర్వాత జరిగిన మార్పుల్లో గాలి పాలెంత, తీసివేత పాలెంత అన్నది విడదీయడం కష్టమైంది. అందుకని 1990లో అక్కడివారు సుమారు రెండెకరాల అడవిని ఎంచుకుని, హరికేన్ గాలి ఎటు పడేస్తుందో అటే, ఎంచిన ఒక్కొక్క చెట్టుకూ ఉక్కు తాడు కట్టి వించ్‌తో (తాడు చుట్టి లాగే యంత్రంతో) లాగి పడేశారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోకుండా దశాబ్దాల పాటు కొలుస్తూ వచ్చారు. చూడ్డానికి సర్వనాశనమైన ఆ చోట మరుసటి ఏడాది పడిన చెట్లలో చాలా భాగం మళ్లీ ఆకు తొడిగాయి, పిలకలు వేశాయి. నేల కోతగానీ పోషకాలు నీళ్లతో కొట్టుకుపోవడంగానీ ఊహించినంత జరగలేదు. వాళ్లది చలి దేశపు ఓక్, మేపుల్ అడవి, మనది వేరు. అయినా చిగురించే గుణం ఉన్న అడవి గాలికి ఎలా తట్టుకుంటుందో తెలుసుకోవడానికి ఆ రెండెకరాలు మనకూ పనికొస్తాయి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఒక మే నెల గాలివానకు నలభై ఎకరాల మిశ్రమ అడవి కూలింది. పై నుంచి ఒత్తిడి ఉన్న మాట నిజమే గానీ, ప్లాను రాసినవాడిని నేనే. మానులు లాగించాం, కొమ్మలూ మోళ్లూ డోజరుతో నెట్టించి పోగులు వేసి కాల్పించాం, జూలైలో టేకు స్టంపులు (కాండం, వేరు కత్తిరించిన నర్సరీ మొక్కలు) నాటించాం. మొదటి ఏడాది ఆ బూడిద పోగుల మీది టేకు ఎంత ఏపుగా వచ్చిందంటే, తనిఖీకి వచ్చినవారికి అక్కడే నిలబెట్టి ఫొటోలు తీయించాం. కాల్చిన నేలలో బూడిద సారం ఉన్నన్నాళ్లే ఆ ఊపు అని అప్పుడు నాకు తట్టలేదు. మూడో ఏటికి పోగుల మధ్య నేలంతా లాంటానా అనే కలుపు పొద అల్లుకుంది, టేకు అక్కడక్కడా గిడసబారింది. ఆ నలభై ఎకరాల్లోనే వాగు మలుపు దగ్గర రాళ్లు ఎక్కువై డోజరు వెళ్లలేని ముక్క ఒకటి మిగిలిపోయింది. రికార్డులో దాన్ని "పనికిరాని భూమి" అని రాశాను. పన్నెండేళ్ల తర్వాత వేరే పని మీద అటు వెళ్లినప్పుడు, ఆ పనికిరాని ముక్కలో చిరుమాను, బిల్లుడు, నల్లమద్ది, యేగిస, చెన్నంగి, తునికి కలిసి మనిషికి రెండింతల ఎత్తున నిలబడి ఉన్నాయి. మేం ఖర్చు పెట్టిన చోట ఒక్క టేకు, దాని కింద నడవడానికి సందు లేని లాంటానా. ఆ ఫైలు తీసి ఆ మాట కొట్టేయాలనిపించింది, కానీ అప్పటికి అది రికార్డు రూములో ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

పడిన కలపను తీయడం గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. పశ్చిమ అమెరికాలోని ఆరెగాన్‌లో 2002లో జరిగిన బిస్కట్ ఫైర్ అనే పెద్ద అడవి మంట తర్వాత కాలిన చెట్లను తీసిన చోట్లనూ తీయని చోట్లనూ పోల్చి 2006లో ఒక చిన్న పరిశోధన పత్రం వెలువడింది. తీసిన చోట సహజంగా మొలిచిన పైన్ లాంటి శంఖాకార చెట్ల మొలకలు సుమారు 71 శాతం తగ్గాయని, మానులు పోయినా నేల మీద సన్న పుల్లలు పెరగడం వల్ల నిప్పు భయం పెరిగిందని అందులో తేలింది. దాని మీద అక్కడ రాజకీయంగానూ పెద్ద రగడ జరిగింది. రెండేళ్ల కొలతలతో అంత మాట అనవచ్చా అన్న విమర్శ సహేతుకమైనదే. అయినా అది చూపిన రెండు సంగతులు మన అడవిలోనూ కంటికి కనిపిస్తాయి. మాను లాగేటప్పుడు దాని కింద అప్పటికే లేచిన పిలకలు నలుగుతాయి. కాంట్రాక్టరుకు కావలసినది మాను మాత్రమే కాబట్టి రెమ్మలూ ఆకులూ అక్కడే ఎండుతాయి. మొదటి వేసవిలో అంటుకునేవి ఆ రెమ్మలే, మానులు కావు.

"ఆలస్యమైతే కలప పాడైపోతుంది" అన్న వాదన ఎప్పుడూ వస్తుంది. గుంపెన, బూరుగ లాంటి మెత్తటి చెట్ల విషయంలో అది నిజం, వాటికి వారాల్లోనే మచ్చ పడుతుంది. కానీ వాటి విలువ ఎంత గనుక? విలువైన టేకు విషయంలో పాడయ్యేది బయటి తెల్లచేవ, లోపలి చేవ నేల మీద ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. బర్మాలో టేకు మాను చుట్టూ గాటు పెట్టి, నిలబడి ఉండగానే రెండు మూడేళ్లు ఎండనిచ్చి ఆ తర్వాత నరికేవారు, పచ్చి టేకు నీళ్లలో తేలదు కాబట్టి. అంటే రెండు వానాకాలాలు ఆగితే టేకుకు వచ్చే నష్టం వాదనలో చెప్పేంత ఉండదు. పైగా వర్షాకాలంలో తడిసిన నేల మీద ట్రాక్టరు తిప్పితే మట్టి గట్టిపడి చేసే నష్టం కలప ధరలో ఎక్కడా లెక్కకు రాదు.

చట్టం కూడా గుర్తుంచుకోవాలి. తాడ్వాయి అడవి ఏటూరునాగారం అభయారణ్యం ప్రాంతంలోది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యం నుంచి అటవీ ఉత్పత్తి తీయాలంటే అది వన్యప్రాణుల మేలు కోసమేనని తేలాలి, అనుమతి ఉండాలి. తీసినదాన్ని వ్యాపారానికి వాడకూడదు. అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఇచ్చిన ఉత్తర్వు అభయారణ్యాలు, నేషనల్ పార్కుల నుంచి ఎండిన, చనిపోతున్న, గాలికి పడిన చెట్లను కూడా తీయవద్దని ఆపింది. అభయారణ్యం వెలుపలి రిజర్వు ఫారెస్టులో మాత్రం వర్కింగ్ ప్లాను (అటవీ శాఖ నిర్వహణ ప్రణాళిక) ఏం చెబితే అది. మీ థీసిస్‌లో "తీసిన ప్లాట్లు" కావాలనుకుంటే ఎక్కడ దొరుకుతాయో దీన్నిబట్టి ముందే ఆలోచించుకోండి.

ఆగి చూడడం తప్పయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది పురుగు. గుగ్గిలం చెట్లు, అంటే హిందీవారు సాల్ అనేవి, ఉన్న అడవిలో నా సలహా పాటించవద్దు. సాల్ తొలిచే పురుగు కొత్తగా పడిన మాను కారే రసం వాసనకు దూరం నుంచి ఎగిరివస్తుంది, అందులో గుడ్లు పెడుతుంది, దాని సంతతి ఎక్కువైతే నిలబడి ఉన్న చెట్ల మీద పడుతుంది. 1990ల చివర్లో మధ్యప్రదేశ్ సాల్ అడవులను ఇది అతలాకుతలం చేసింది. ఆ వాసన బలహీనతనే వాడుకుని, పచ్చి సాల్ దుంగలను చివర్లు నలగగొట్టి ఎరగా పెట్టి, చేరిన పురుగులను చేత్తో ఏరించే పద్ధతి ఇప్పటికీ ఉంది. యూరప్‌లో స్ప్రూస్ చెట్లకు బెరడు పురుగుతో ఇదే గొడవ. 1983లో జర్మనీలోని బవేరియన్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో గాలికి పడిన చెట్లను తీయకూడదని అప్పటి మంత్రి హన్స్ ఐజెన్‌మన్ నిర్ణయిస్తే, తర్వాతి సంవత్సరాల్లో పురుగు పెచ్చరిల్లి వేల హెక్టార్ల స్ప్రూస్ ఎండిపోయింది, చుట్టుపక్కల ఊళ్లవారు తిట్టిపోశారు. ఆ ఎండిన మోళ్ల మధ్య కొత్త తరం నాటకుండానే లేచింది. పార్కుకు అది సరిపోయింది. పక్కనున్న సొంత అడవి మీద బతికే రైతుకు సరిపోదు. మన మిశ్రమ ఆకురాల్చే అడవిలో పడిన మానును తినే పురుగులు, చెదలు మామూలుగా నిలబడిన ఆరోగ్యమైన చెట్టు జోలికి పోవు, అదొక అదృష్టం.

రెండోది లాంటానా, యూపటోరియం అనే కలుపు మొక్కలు. పైకప్పు పోయి ఎండ పడగానే ఇవి ఒక్క వానాకాలంలో నేలను కమ్మేస్తాయి. గాలికి ముందే కింద లాంటానా ఉన్న అడవి అయితే రెండేళ్లు ఊరికే ఆగడం అంటే దానికి అప్పజెప్పడమే. పైపైన కోస్తే రెట్టింపుగా లేస్తుంది. నేలకు రెండంగుళాల లోతున తల్లివేరును కొట్టి, పొదను తలకిందులుగా ఎత్తిపెట్టించాలి, ఆ చోటికి మూడేళ్లు వరసగా తిరిగి రావాలి. ఇక రోడ్ల పక్క, గూడేల పక్క ముప్పై మీటర్ల మేర పడినవన్నీ వెంటనే తీయాల్సిందే, అందులో వాదనేమీ లేదు.

తీయవలసి వచ్చినప్పుడు ఎలా తీయాలో కూడా చెప్పాలి. జనవరి తర్వాత, నేల గట్టిపడ్డాక, ముందే గుర్తుపెట్టిన దారుల మీదుగానే, వీలైతే ఎద్దులతో లాగించాలి. కనీసం మూడో వంతు మానులను అక్కడే వదలాలి. తొర్రలున్న మోళ్లను అసలు ముట్టుకోకూడదు. గుడ్లగూబ, వడ్రంగిపిట్ట, తేనెటీగ ఉండేది అక్కడే. వేళ్లతో లేచిన చెట్టును మొదలు దగ్గర కోసేటప్పుడు మట్టిగోడ వెనకవైపు ఎవరినీ నిలబడనివ్వవద్దు. మాను బరువు తెగగానే ఆ వేళ్ల ముద్ద ఒక్కసారిగా గుంతలోకి తిరిగి పడిపోతుంది, కింద ఉన్నవాడు బయటికి రాడు. అలా పడేటట్లు గజమో గజమున్నరో మాను వదిలి కోస్తే, గుంతలో మళ్లీ కూర్చున్న మోడు కొన్నిసార్లు చిగురిస్తుంది కూడా. వేళ్లు నేలలోనే ఉండి మాను విరిగిన చెట్లది వేరే సమస్య: మనిషెత్తున విరిగిన మోడు తన చివర నుంచి పిలకలు వేస్తుంది, అవి అతుకు గట్టిగా లేక పదేళ్లకు ఏ గాలికో చీలిపోతాయి. అలాంటివాటిని మొదటి వేసవి చివర్లో, వానలకు ముందు, నేలకు జానెడులోపు ఎత్తున ఏటవాలుగా, నున్నగా కోయిస్తే పిలకలు కింది నుంచి వస్తాయి. మూడో ఏట మోడుకు ఒకటో రెండో బలమైన పిలకలు ఉంచి మిగతావి తీయించాలి. మొదటి ఏడాదే తీయించేవారు ఉన్నారు. ఏది బతుకుతుందో పిలకకే తెలియని వయసులో ఎంపిక చేయడం తొందరపాటు.

నాటడానికి నా సొంత కొలబద్ద ఒకటి ఉంది, దీన్ని ఎవరూ శాసనంగా తీసుకోనక్కర్లేదు. రెండో వర్షాకాలం తర్వాత పది మీటర్ల చదరాలు వంద తీసి చూస్తాను. అరవైకి పైగా చదరాల్లో పైకప్పుకు ఎదగగల జాతి పిలకో వేరో ఒక్కటైనా ప్రాణంతో ఉంటే నాటను. అంతకన్నా తక్కువైతే ఖాళీగా ఉన్న ఆ చదరాల్లోనే నాటిస్తాను, అదీ ఆ అడవిలో గాలికి నిలబడి మిగిలిన జాతులనే.

ఇక పరిశోధన సంగతి. మొట్టమొదట పడిన ప్రతి చెట్టూ ఎటు పడిందో దిక్సూచితో డిగ్రీల్లో రాయండి, అది మరుసటి ఏడాదికి దొరకని సమాచారం. మేఘం నుంచి కిందికి కుప్పకూలిన గాలి అయితే చెట్లు ఒక చోటు నుంచి విసనకర్రలా విడిపోతూ పడి ఉంటాయి. సుడిగాలి అయితే దాని దారికి రెండు పక్కలవి మధ్యగీత వైపు ఒరుగుతూ, అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. తర్వాత పడిన తీరు: వేళ్లతో లేచిందా, మొదలు దగ్గర విరిగిందా, నడిమికి విరిగిందా, వంగి నిలిచిందా. ఈ నాలుగింటి తర్వాతి కథలు నాలుగు వేరు. రోజుల తరబడి వాన పడి తడిసిన లోతు తక్కువ నేలలో వేళ్లతో లేచినవి ఎక్కువ, గట్టి నేలలో విరిగినవి ఎక్కువ. జాతి, 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత, మట్టి లోతు, వేళ్లు లేచిన గుంత పొడవూ వెడల్పూ లోతూ రాయండి. ఆ గుంతల్లో వానాకాలం నీరు నిలిచి మొలకలు కుళ్లుతాయి, పక్కన మట్టిదిబ్బ మీద మాత్రం చిన్న గింజల జాతులు మొలుస్తాయి. ఒక్క గజం దూరంలో రెండు రకాల భవిష్యత్తులు కనిపించే చోటు అది.

పోలిక ప్లాట్లు లేకుండా మొదలుపెట్టవద్దు. గాలి తగలనిది, తగిలి ముట్టుకోనిది, తగిలి తీసినది, మూడూ ఉండాలి. మూడింట్లోనూ నేల, వాలు ఒకే రకంగా ఉండాలి. ఒక్కోరకం ఒకే చోట ఉంటే అది పరిశోధన కాదు, ముచ్చట. ప్రతి పిలకకూ అల్యూమినియం బిళ్ల కట్టి, అది విత్తనానిదా, మోడుదా, వేరుదా అన్నది తప్పక రాయాలి. మీ తర్వాత వచ్చే విద్యార్థి ఆ ప్లాటును వెతుక్కోగలిగేలా మూలల్లో రాళ్లు పాతండి. జీపీఎస్ రీడింగు చెట్ల కింద నాలుగైదు మీటర్లు తప్పుతుంది.

ఉపగ్రహ చిత్రాల గురించి ఒక హెచ్చరిక. ఈ ఊళ్లోనే, బాలానగర్‌లో, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నందువల్ల మన విద్యార్థులకు ఆ పని మీద మోజు ఎక్కువ, అది మంచిదే. సెంటినెల్ ఉపగ్రహం తీసే, ఒక్కో చుక్క 10 మీటర్లు ఉండే చిత్రాలు దెబ్బతిన్న హద్దులు గీయడానికి చక్కగా పనికొస్తాయి. కోలుకోవడాన్ని మాత్రం పచ్చదనం సూచికతో తేల్చకండి. పై నుంచి చూస్తే లాంటానా కూడా పచ్చగానే ఉంటుంది, వెదురు కూడా పచ్చగానే ఉంటుంది, రెండో ఏటికే సూచిక పాత అంకెకు చేరుకుంటుంది. నా డోజరు ప్లాటును అప్పట్లో ఉపగ్రహంలో చూసి ఉంటే అది ఆ రాళ్ల ముక్క కన్నా ముందే "కోలుకున్నట్టు" కనిపించేది.

అడవికి వెళ్లేముందు చేయి అలవాటు కావాలంటే దూరం పోనక్కర్లేదు. నర్సాపూర్ అడవి మనకు గంటన్నర దారి. పరిశోధన అనుమతి తీసుకుని, జూన్ తొలి వానలు పడిన పది రోజులకు వెళ్లండి, అప్పుడు ప్రతి వేరూ తాను బతికి ఉన్నానని తలెత్తి చూపిస్తుంది. ఒక బీట్ ఆఫీసర్‌నో, తునికాకు కోసే మనిషినో వెంట తీసుకెళ్లండి. పది చదరాలు కట్టి, కనిపించిన ప్రతి మొక్కనూ ముందు మీ ఊహ ప్రకారం విత్తనమా వేరా అని రాసుకుని, ఆ తర్వాత మట్టి గీరి చూడండి. మొదటి రోజు సగానికి పైగా తప్పుతారు. నాలుగో రోజుకు తప్పులు పదికి రెండుకు తగ్గితే, అప్పుడు తాడ్వాయి ప్లాట్లకు అర్జీ పెట్టుకోండి.